కాలేజీ టూర్‌లో ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? అండర్‌టేకింగ్‌పై సంతకం పెట్టే ముందు ఇవి తెలుసుకోండి

మీరు యాప్రాల్‌లో ఉంటున్నారనుకుందాం. మీ అమ్మాయి ఘట్‌కేసర్ వైపో, బాచుపల్లి వైపో ఇంజినీరింగ్ రెండో ఏడాది చదువుతోంది. ఓ రాత్రి తొమ్మిదింటికి వాట్సాప్‌లో మీకో పీడీఎఫ్ పంపిస్తుంది. ‘నాన్నా, టూర్‌కి కన్సెంట్ ఫామ్. రేపు పొద్దున్నే ఇచ్చేయాలి. సంతకం పెట్టి ఫొటో పంపు’ అని కింద మెసేజ్. ఫామ్‌లో మూడు పేరాలు ఉంటాయి. చివరి పేరాలో ఓ వాక్యం: ‘ప్రయాణంలో ఏదైనా ప్రమాదం జరిగితే కళాశాల యాజమాన్యానికి ఎలాంటి బాధ్యత లేదని, నా ఇష్టపూర్వకంగానే మా అమ్మాయిని పంపుతున్నానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.’

చాలామంది దాన్ని చదవరు. చదివినవాళ్లకు రెండు అనుమానాలు వస్తాయి. సంతకం పెడితే రేపు ఏదైనా జరిగినప్పుడు అడిగే హక్కు పోయినట్టేనా? పెట్టకపోతే పిల్లను టూర్‌కి రానివ్వరా?

మొదటి ప్రశ్నకు సూటి సమాధానం: పోదు. కాలేజీ నిర్లక్ష్యం వల్ల ప్రమాదం జరిగితే, ఆ కాగితం ఒక్కటే చూపించి కాలేజీ తప్పించుకోలేదు. ఎందుకు తప్పించుకోలేదో, ఏ సందర్భంలో ఎవరు ఎంతవరకు బాధ్యులో, మీరు ముందుగా ఏం అడగాలో, జరగరానిది జరిగితే ఎక్కడికి వెళ్లాలో వివరంగా చూద్దాం.

బియాస్ దుర్ఘటనలో కోర్టు ఏం చెప్పింది?

ఈ విషయంలో తెలుగువాళ్లకు ఎవరూ ఉదాహరణ వెతికి చెప్పక్కర్లేదు. 2014 జూన్ 8. తెలంగాణ రాష్ట్రం ఏర్పడి అప్పటికి వారం కూడా కాలేదు. హైదరాబాద్ బాచుపల్లిలోని వీఎన్ఆర్ విజ్ఞాన జ్యోతి ఇంజినీరింగ్ కాలేజీ విద్యార్థులు హిమాచల్‌ప్రదేశ్ టూర్‌లో ఉన్నారు. మనాలీ వెళ్తూ మండి జిల్లాలో బియాస్ నది దగ్గర ఆగారు. సాయంత్రం వేళ కొందరు నదిలోకి దిగి రాళ్ల మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. అదే సమయంలో ఎగువన ఉన్న లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. చూస్తుండగానే నది ఉప్పొంగింది. 24 మంది విద్యార్థులు, వారితో ఉన్న టూర్ నిర్వాహకుల మనిషి ఒకరు కొట్టుకుపోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి గాలించాల్సి వచ్చింది.

హిమాచల్‌ప్రదేశ్ హైకోర్టు ఈ ఘటనను తనంతట తానే విచారణకు తీసుకుంది. అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ మన్సూర్ అహ్మద్ మీర్, జస్టిస్ తర్లోక్ సింగ్ చౌహాన్‌ల ధర్మాసనం 2016 జనవరిలో తీర్పు ఇచ్చింది. చనిపోయిన ఒక్కో విద్యార్థి తల్లిదండ్రులకు రూ.20 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ఆ మొత్తాన్ని ఎవరెవరు ఎంత భరించాలో కూడా కోర్టే విడదీసి చెప్పింది.

ప్రాజెక్టును నడిపే హిమాచల్‌ప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు వాటా 60 శాతం. కాలేజీ వాటా 30 శాతం. రాష్ట్ర ప్రభుత్వ వాటా 10 శాతం. అంటే ఒక్కో కుటుంబానికి బోర్డు రూ.12 లక్షలు, కాలేజీ రూ.6 లక్షలు, ప్రభుత్వం రూ.2 లక్షలు ఇవ్వాలి. 24 కుటుంబాలకు లెక్కేస్తే కాలేజీ వాటాయే రూ.1.44 కోట్లు అవుతుంది.

ఇక్కడ గమనించాల్సింది ఆ 30 శాతాన్ని. గేట్లు ఎత్తింది కాలేజీ కాదు. నది కాలేజీది కాదు. విద్యార్థుల్లో ఎక్కువమంది 18 ఏళ్లు నిండినవాళ్లే. అయినా పిల్లల్ని ఇంటి నుంచి దూరం తీసుకెళ్లిన సంస్థగా కాలేజీకి బాధ్యత ఉందని కోర్టు తేల్చింది. ప్రమాదానికి అసలు కారణం వేరేవాళ్లదైనా, కాపాడాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు ఆ పని చేయకపోతే వాటా మోయాల్సిందేనన్నది ఈ తీర్పు నుంచి మనం తీసుకోవాల్సిన పాఠం.

ఇదే నది, అంతకు ముందే ఓ తీర్పు

విషాదం ఏమిటంటే, ఈ పాఠం 2014కు ముందే దేశం ముందు ఉంది. 1995 మే నెలలో పఠాన్‌కోట్ దగ్గర బధానీలోని డల్హౌసీ పబ్లిక్ స్కూల్ పిల్లల్ని పిక్నిక్ కోసం బియాస్ నది ఒడ్డుకే తీసుకెళ్లారు. 14 మంది చిన్నారులు మునిగిపోయారు. ఒక్కో కుటుంబానికి రూ.5 లక్షలు చెల్లించాలని హిమాచల్ హైకోర్టు చెప్పింది. 2001లో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది.

ఆ కేసులో సుప్రీంకోర్టు రెండు విషయాలు స్పష్టం చేసింది. ఒకటి, పిల్లల్ని బయటికి తీసుకెళ్లినప్పుడు జాగ్రత్తగల తల్లిదండ్రులు ఎలా చూసుకుంటారో టీచర్లు అలా చూసుకోవాలి. రెండు, టీచర్లు తమ ఉద్యోగంలో భాగంగానే పిక్నిక్‌కి వెళ్లారు కాబట్టి వాళ్ల నిర్లక్ష్యానికి యాజమాన్యమే పరిహారం కట్టాలి. ‘తప్పు టీచర్లది, మాది కాదు’ అన్న మాట చెల్లదు.

మరి అండర్‌టేకింగ్‌కి విలువే లేదా?

ఉంది. కానీ కాలేజీలు అనుకునేంత లేదు.

ఏ పనిలోనైనా దానికి సహజమైన ప్రమాదాలు కొన్ని ఉంటాయి. ఉదాహరణకు భువనగిరి కోట గుట్ట మీద రాక్ క్లైంబింగ్‌కి వెళ్తే మోకాలు గీరుకుపోవచ్చు, కాలు మెలిపడొచ్చు. అనంతగిరి అడవిలో ట్రెక్కింగ్‌కి వెళ్తే జారి పడొచ్చు. ఇవి తెలిసే వెళ్తున్నానని ఒప్పుకున్నప్పుడు, అలాంటి గాయానికి కాలేజీని తప్పుపట్టడం కష్టం. ఈ మేరకు ఆ సంతకం పనిచేస్తుంది.

కానీ తాడు చీకిపోయి ఉంటే? శిక్షణ లేని మనిషిని గైడ్‌గా పెడితే? కోట్‌పల్లి ప్రాజెక్టులో లైఫ్ జాకెట్ లేకుండా కయాక్ ఎక్కిస్తే? వాతావరణ శాఖ హెచ్చరిక ఉన్నా జలపాతం దగ్గరికి తీసుకెళ్తే? వీటికి మీరు ఒప్పుకోలేదు. ప్రమాదం ఉన్న పనికి ఒప్పుకోవడం వేరు, ఎదుటివారి నిర్లక్ష్యానికి ఒప్పుకోవడం వేరు. కోర్టులు ఈ తేడానే చూస్తాయి.

దీనికి మరికొన్ని చట్టాల తోడు ఉంది. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 23 ప్రకారం ప్రజా ప్రయోజనానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. సెక్షన్ 28 ప్రకారం కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా కట్టిపడేసే షరతు చెల్లదు. సెక్షన్ 11 ప్రకారం మైనర్ చేసిన ఒప్పందానికి విలువ లేదు. ఇంటర్ విద్యార్థులే కాదు, బీటెక్ మొదటి ఏడాదిలో కూడా 18 నిండనివాళ్లు ఉంటారు. వాళ్లతో ‘నాదే బాధ్యత’ అని రాయించుకున్న కాగితం దాదాపు వృథా.

ఇక పోలీసు కేసు సంగతి. నేరానికి సంబంధించిన విచారణను ప్రైవేటు కాగితంతో ఎవరూ ఆపలేరు. మీరు పది సంతకాలు పెట్టినా అది మారదు.

కాబట్టి సంతకం పెట్టాల్సి వస్తే పెట్టండి. దాని పక్కనే మీ చేత్తో ఒక్క వాక్యం రాయండి: ‘కళాశాల, టూర్ నిర్వాహకులు తగిన భద్రతా ఏర్పాట్లు చేస్తారన్న నమ్మకంతో అనుమతి ఇస్తున్నాను.’ ఫామ్ మొత్తం ఫొటో తీసి దాచుకోండి.

ఎవరెవరు బాధ్యులు కావచ్చు?

కాలేజీ యాజమాన్యం: టూర్ కాలేజీది అయితే మొదటి బాధ్యత యాజమాన్యానిదే. టూర్ ఏర్పాట్లు ఏజెన్సీకి అప్పగించినా ఈ బాధ్యత తీరిపోదు. ఏజెన్సీని ఎంచుకున్నది కాలేజీయే కదా.

వెంట వెళ్లిన లెక్చరర్లు: పరిహారం సాధారణంగా యాజమాన్యమే కడుతుంది. కానీ క్రిమినల్ కేసు వ్యక్తి మీద ఉంటుంది. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడొచ్చు. పాత ఐపీసీ 304ఏలో ఇది రెండేళ్లే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ప్రాణానికి ముప్పు తెచ్చే నిర్లక్ష్యంతో తీవ్ర గాయాలైతే సెక్షన్ 125 కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది.

టూర్ ఏజెన్సీ, సాహస క్రీడల నిర్వాహకులు: డబ్బు తీసుకుని సేవ అందించేవాళ్లు కాబట్టి లోపం ఉంటే వినియోగదారుల చట్టం కింద నేరుగా జవాబు చెప్పాలి.

బస్సు యజమాని, బీమా కంపెనీ: రోడ్డు ప్రమాదమైతే మోటారు వాహనాల చట్టం వర్తిస్తుంది.

ప్రభుత్వ సంస్థలు: డ్యామ్, జలపాతం, పర్యాటక ప్రదేశాన్ని నిర్వహించేవాళ్లు హెచ్చరికలు, రక్షణ ఏర్పాట్లు చేయకపోతే వాళ్లకీ వాటా ఉంటుంది. బియాస్ కేసులో ఎక్కువ భారం పడింది ఇలాంటి సంస్థ మీదే.

విద్యార్థి తప్పు ఉంటే?

గైడ్ వద్దన్నా నీళ్లలో దిగడం, రాత్రి ఎవరికీ చెప్పకుండా క్యాంప్ నుంచి వెళ్లిపోవడం, మద్యం తాగి గుట్ట ఎక్కడం... ఇలాంటివి జరిగితే విద్యార్థి నిర్లక్ష్యం కూడా లెక్కలోకి వస్తుంది. పరిహారం ఆ మేరకు తగ్గొచ్చు. కాలేజీ చేయాల్సిందంతా చేసినా ప్రమాదం జరిగిందని తేలితే అసలు రాకపోవచ్చు కూడా. అయితే ‘చెప్పాం, వినలేదు’ అంటే సరిపోదు. ఎప్పుడు చెప్పారు, ఎవరు చెప్పారు, వినకపోతే ఆపడానికి అక్కడ ఎవరున్నారు అన్నది కూడా కాలేజీ చూపించాలి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు నీళ్లు చూడగానే దిగుతారన్నది ఊహించలేని విషయం కాదు. ఊహించగలిగిన ప్రమాదానికి ముందే జాగ్రత్త పడాలన్నదే ఇక్కడ చట్టం అడిగేది.

అది కాలేజీ టూరా, ఫ్రెండ్స్ ట్రిప్పా?

గొడవలన్నీ ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ప్రమాదం జరగ్గానే ‘అది మా టూర్ కాదు, పిల్లలే సొంతంగా వెళ్లారు’ అనడానికి అవకాశం ఉంది. కాబట్టి ముందే చూసుకోండి.

సర్క్యులర్ మీద ప్రిన్సిపల్ లేదా హెచ్ఓడీ సంతకం ఉందా? డబ్బు కాలేజీ ఖాతాకు కట్టారా, క్లాస్ రిప్రజెంటేటివ్ ఫోన్‌పే నంబరుకు పంపారా? లెక్చరర్లు అధికారికంగా వెళ్తున్నారా? ఆ రోజులకు హాజరు వేస్తున్నారా? బస్సు ఎవరి పేరు మీద మాట్లాడారు? వీటిలో ఎక్కువ వాటికి కాలేజీ పేరు వస్తే, కాగితం మీద ‘ప్రైవేట్ ట్రిప్’ అని రాసినంత మాత్రాన తప్పించుకోవడం కష్టం. అన్నిటికీ పిల్లల పేర్లే వస్తే, నలుగురు స్నేహితులు ఆదివారం కారేసుకుని వికారాబాద్ వెళ్లినట్టే లెక్క. అక్కడ కాలేజీని అడగడానికి ఏమీ ఉండదు.

అందుకే సర్క్యులర్, డబ్బు కట్టిన రసీదు, టూర్ వాట్సాప్ గ్రూపులో లెక్చరర్లు పెట్టిన మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు.

పంపే ముందు కాలేజీని అడగాల్సిన 10 ప్రశ్నలు

1. రోజువారీ ప్రయాణ పట్టిక ఉందా? ఎక్కడెక్కడ ఆగుతారు? నది, చెరువు, జలపాతం, బీచ్ దగ్గర ఆగేది ఉంటే అక్కడ నీళ్లలోకి దిగనిస్తారా?

2. విద్యార్థులు ఎంతమంది, వెంట వచ్చే సిబ్బంది ఎంతమంది? అమ్మాయిలు ఉంటే మహిళా సిబ్బంది ఉన్నారా?

3. ఆ ప్రదేశం తెలిసిన స్థానిక గైడ్ ఉంటారా?

4. టూర్ ఏజెన్సీ పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ ఏమిటి?

5. రాఫ్టింగ్, పారాగ్లైడింగ్ లాంటివి ఉంటే నిర్వాహకులకు ఆ రాష్ట్ర పర్యాటక శాఖ అనుమతి ఉందా? హిమాచల్‌లో ఇలాంటి వాటికి ప్రత్యేక నిబంధనలు ఉన్నాయి. మన కేంద్ర పర్యాటక శాఖ కూడా 2018లో సాహస పర్యాటక మార్గదర్శకాలు విడుదల చేసింది. ‘వాటిని పాటిస్తారా’ అని అడగండి.

6. బస్సు నంబరు ఎంత? నంబరు తెలిస్తే ఎం-పరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ గడువు మీరే చూసుకోవచ్చు. దూర ప్రయాణమైతే ఇద్దరు డ్రైవర్లు ఉన్నారా?

7. బీమా చేయించారా? పాలసీ కాపీ ఇస్తారా?

8. దగ్గర్లోని ఆసుపత్రి ఏది? ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు బృందంలో ఉన్నారా?

9. ఆస్తమా, ఫిట్స్, గుండె జబ్బు, అలర్జీల వివరాలు తీసుకున్నారా? మీ పిల్లలకు ఏదైనా ఉంటే దాచొద్దు. దాస్తే రేపు అదే మీకు వ్యతిరేకంగా మారుతుంది.

10. వాతావరణం బాగోకపోతే కార్యక్రమం రద్దు చేసే అధికారం ఎవరికి ఉంది?

ఈ ప్రశ్నలు ఫోన్లో కాకుండా ఈమెయిల్‌లో అడగండి. ఒక్కరే అడిగితే ‘మీకే వచ్చిందా అనుమానం’ అంటారు. పదిమంది తల్లిదండ్రులు కలిసి ఒకే ఈమెయిల్ పంపితే జవాబు వస్తుంది. జవాబు రాకపోయినా మీరు అడిగినట్టు రుజువు మిగులుతుంది.

యూజీసీ 2015లో క్యాంపస్ లోపలా, బయటా విద్యార్థుల భద్రతపై మార్గదర్శకాలు ఇచ్చింది. మీ ఈమెయిల్‌లో వాటిని ప్రస్తావించండి.

బీమా ఉంది అంటే సరిపోతుందా?

‘అందరికీ ఇన్సూరెన్స్ ఉంది’ అని చెప్పగానే ధైర్యపడకండి. ఇందులో రెండు రకాలు ఉంటాయి. గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ అయితే తప్పు ఎవరిదైనా, ప్రమాదంలో మరణించినా, వైకల్యం వచ్చినా రాసి ఉన్న మొత్తం వస్తుంది. లయబిలిటీ పాలసీ అయితే కాలేజీ చట్టప్రకారం కట్టాల్సిన పరిహారాన్ని బీమా కంపెనీ భరిస్తుంది. మొదటిది మీకు రక్షణ, రెండోది కాలేజీకి. మంచి కాలేజీ రెండూ తీసుకోవాలి.

చాలా పాలసీల్లో సాహస క్రీడలకు మినహాయింపు ఉంటుంది. అంటే బస్సులో జరిగితే డబ్బు వస్తుంది, రాఫ్ట్ బోల్తాపడితే రాదు. పాలసీలో మినహాయింపుల పేజీ చదవండి. ఒకవేళ యాక్సిడెంట్ పాలసీ డబ్బు వచ్చినా, నిర్లక్ష్యం చేసినవారిని పరిహారం అడిగే హక్కు మీకు అలాగే ఉంటుంది. క్లెయిమ్‌ను బీమా కంపెనీ అన్యాయంగా తిరస్కరిస్తే హైదరాబాద్‌లోనే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది.

ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలి?

ముందు ప్రాణం. దేశంలో ఎక్కడైనా 112కు ఫోన్ చేయొచ్చు. ఆ తర్వాత ఈ పనులు చేయండి.

ఎఫ్ఐఆర్: ప్రమాదం హిమాచల్‌లో జరిగినా మీరు ఇక్కడ మీ దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘మా పరిధి కాదు’ అని వెనక్కి పంపకూడదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పంపితే మూడు రోజుల్లో స్టేషన్‌కు వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

రుజువులు: సర్క్యులర్, కన్సెంట్ ఫామ్, రసీదులు, వాట్సాప్ చాట్‌లు, తోటి విద్యార్థులు తీసిన ఫొటోలు, వీడియోలు ఒకచోట భద్రపరచండి. వీడియోలు అసలు ఫైళ్లుగానే తీసుకోండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయితే తేదీ, సమయం వివరాలు పోతాయి.

సాక్షులు: అప్పుడు అక్కడున్న విద్యార్థులు పది రోజుల తర్వాత మాట్లాడటానికి జంకొచ్చు. పరీక్షలు, ఇంటర్నల్ మార్కులు ఆ కాలేజీలోనే ఉంటాయి కదా. వీలైనంత త్వరగా ఏం జరిగిందో వాళ్లతో రాయించుకోండి.

కాగితాలు: కాలేజీ నుంచి ఆర్థిక సాయం అంటూ చెక్కు ఇస్తే తీసుకోవడంలో తప్పులేదు. కానీ ‘ఇంతటితో పూర్తి పరిష్కారం’ అని రాసి ఉన్న రసీదుపై లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టొద్దు.

పరిహారం కోసం ఎక్కడికి వెళ్లాలి? గడువు ఎంత?

వినియోగదారుల కమిషన్: టూర్ ఏజెన్సీ, సాహస క్రీడల నిర్వాహకుల మీద ఫిర్యాదుకు ఇది తేలిక దారి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే వేయొచ్చు. యాప్రాల్ వాళ్లయితే మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా కమిషన్. మనాలీ ఏజెన్సీ మీద కేసుకు మనాలీ వెళ్లక్కర్లేదు. ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. అది రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషనే. రూ.5 లక్షల లోపు చెల్లించిన సేవలకు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. సలహాకు 1915కు ఫోన్ చేయండి. కాలేజీయే ఏజెన్సీకి డబ్బు కట్టినా, సేవ పొందినవాళ్లుగా విద్యార్థులూ వినియోగదారులే.

అయితే కాలేజీ మీదే ఇక్కడ కేసు వేయాలంటే చిక్కు ఉంది. విద్యాసంస్థలు, అవి నిర్వహించే విహారయాత్రలు, ఈత, ఆటలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2020లో వినాయక మిషన్స్ యూనివర్సిటీ కేసులో జాతీయ కమిషన్ విస్తృత ధర్మాసనం చెప్పింది. విద్య ‘సేవ’ కిందికి వస్తుందా అన్న ప్రశ్న ఆ తర్వాత సుప్రీంకోర్టు ముందుకు వెళ్లింది. కాబట్టి కాలేజీని కూడా చేర్చాలా వద్దా అన్నది లాయర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

సివిల్ కోర్టు: కాలేజీ మీద పరిహారానికి ఎప్పుడూ తెరిచి ఉండే తలుపు ఇదే. ప్రాణం పోయిన సందర్భంలో 1855 నాటి ఫేటల్ యాక్సిడెంట్స్ చట్టం కింద తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లల తరఫున దావా వేయొచ్చు. గడువు మరణించిన రోజు నుంచి రెండేళ్లు. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది, సమయమూ పడుతుంది.

హైకోర్టు: ప్రభుత్వ సంస్థల నిర్లక్ష్యం స్పష్టంగా ఉన్నప్పుడు రిట్ పిటిషన్ వేయొచ్చు. బియాస్ కేసు ఈ దారిలోనే నడిచింది.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్: బస్సు ప్రమాదమైతే ఇక్కడికి. ఇది కూడా మీరు నివసించే చోటే వేయొచ్చు. తప్పు ఎవరిదని నిరూపించకుండానే మరణానికి రూ.5 లక్షలు, తీవ్ర గాయానికి రూ.2.5 లక్షలు సెక్షన్ 164 కింద అడగొచ్చు. ఎక్కువ పరిహారం కావాలంటే సెక్షన్ 166 కింద నిర్లక్ష్యం చూపించాలి. ప్రస్తుత చట్టంలో దీనికి ప్రమాదం జరిగినప్పటి నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. దీన్ని సవాలు చేసిన పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లినా, ఆరు నెలల లోపే వేయడం క్షేమం.

లాయర్ ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను సంప్రదించండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. హెల్ప్‌లైన్ 15100.

కాలేజీలు, లెక్చరర్లు ఏం చేయాలి?

ఈ కథనం చదువుతున్న మీరు లెక్చరరో, స్టూడెంట్ క్లబ్ కోఆర్డినేటరో అయితే, భయపడి టూర్లు మానేయడం పరిష్కారం కాదు. గుట్టలెక్కడం, అడవిలో నడవడం, కొత్త ఊళ్లు చూడటం పిల్లలకు కావాలి. చట్టం అడిగేది ప్రమాదమే జరగకూడదని కాదు. ఒక బాధ్యత గల మనిషి తీసుకునే జాగ్రత్తలన్నీ తీసుకున్నారా అనే.

వెళ్లే చోటును ముందుగా ఒకరు చూసిరావాలి. ఏయే ప్రమాదాలు ఉండొచ్చో, ఒక్కోదానికి ఏం చేస్తారో ఒక పేజీ రాసి పెట్టుకోవాలి. నీళ్లున్న ప్రతిచోటా స్థానికుల్ని అడగకుండా బస్సు ఆపకూడదు. ఎగువన డ్యామ్ ఉంటే నది ఎంత ప్రశాంతంగా కనిపించినా దిగనివ్వకూడదు. బస్సు ఎక్కినప్పుడు, దిగినప్పుడు తలలు లెక్కపెట్టాలి. మౌసమ్, సచేత్ యాప్‌లలో హెచ్చరికలు రోజూ చూడాలి. బయల్దేరే ముందు విద్యార్థులందరికీ నియమాలు చెప్పి, ఆ సమావేశం తేదీ, హాజరు నమోదు చేయాలి.

మీకు నచ్చని ఏర్పాటు ఉంటే నోటితో చెప్పి ఊరుకోకండి. ‘60 మందికి ఇద్దరం సరిపోం’ అని హెచ్ఓడీకి ఈమెయిల్ పెట్టండి. రేపు విచారణలో నిలబడాల్సింది మీరే.

ఏజెన్సీతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. లైఫ్ జాకెట్లు, హెల్మెట్లు, గైడ్లు, బీమా ఎవరి బాధ్యతో అందులో రాయాలి. ఇవన్నీ చేసిన కాలేజీకి ఆ అండర్‌టేకింగ్‌తో పెద్దగా అవసరం ఉండదు. ఇవేమీ చేయని కాలేజీని ఆ అండర్‌టేకింగ్ కాపాడదు.

చివరిగా విద్యార్థులకు ఒక మాట

మీ ఫోన్లో లొకేషన్ షేరింగ్ ఇంట్లో ఒకరికి ఆన్ చేసి ఉంచండి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే పడవ ఎక్కమని చెప్పండి. ‘పిరికివాడు’ అంటే అననివ్వండి. నది మధ్యలో రాయి మీద నిలబడి తీసుకునే ఫొటోకు నిమిషం చాలు. నీళ్లు పెరగడానికీ అంతే సమయం చాలు.

ఇక యాప్రాల్‌లో రాత్రి తొమ్మిదింటికి పీడీఎఫ్ అందుకున్న తల్లిదండ్రుల విషయానికి వస్తే, సంతకం పెట్టినా మీ హక్కు పోదు. కానీ ఆ హక్కు పనికొచ్చేది ప్రమాదం జరిగాక. బియాస్‌లో పిల్లల్ని పోగొట్టుకున్న 24 కుటుంబాలకు పరిహారం తీర్పు రావడానికే ఏడాదిన్నరకు పైగా పట్టింది. ప్రమాదం జరగక ముందు మీ చేతిలో ఉన్నవి పై పది ప్రశ్నలే. ‘రేపు పొద్దున్నే ఇచ్చేయాలి’ అన్నా సరే, జవాబులు వచ్చాకే ఫామ్ పంపండి.